ఇంజన్ చేయించిన పాత రంపం: తలకిందుల సలహాలు

తోట కొట్టించడం అయిపోయిన రైతు దగ్గరో, సరుగుడు కోసే ముఠా దగ్గరో పాత చైన్ సా ఒకటి అమ్మకానికి ఉందని తెలిస్తే చాలు, కొనబోయేవాడికి చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు అందుకుంటారు. ఒక్క లాగుకే స్టార్టవుతోందో లేదో చూడు. రేజ్ చేసి సౌండు విను. ఇంజన్ చేయించిన బిల్లు అడుగు. పైకి నీటుగా ఉందంటే వాడినవాడు జాగ్రత్తపరుడే. తెలిసిన బైకు మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్లు.

అన్నీ మంచి మనసుతో చెప్పే మాటలే. ఆ మాటలు పట్టుకునే మనవాళ్లు చెడ్డ మిషన్లు కొంటున్నారు. నా సలహాలు వీటికి ఒక్కొక్కటీ ఎదురు. నలుగురిలో చెబితే తలకిందులుగా మాట్లాడుతున్నాడంటారు. అననివ్వండి. ఇంజన్ చేయించిన పాత రంపం విషయంలో తలకిందులుగా కనిపించేదే సరైన దారి.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు చెబుతాను. ఇంజన్లో కొత్తగా ఏమేం వేశారో అడగకండి. పాతది ఎందుకు పోయిందో అడగండి.

అమ్మేవాడు కొత్త సామాన్ల చిట్టా విప్పుతాడు. "పిస్టన్ కొత్తదన్నా, రింగులు కొత్తవి, బ్లాకు కొత్తది, ప్లగ్గు కూడా మొన్ననే మార్చా." వింటుంటే కొత్త మిషన్ సగం ధరకే వస్తున్నట్టు ఉంటుంది. కానీ చైన్ సా ఇంజన్ నిదానంగా అరిగి అరిగి పోవడం తక్కువ. ఏదో ఒక కారణంతో ఒక్కసారిగా పట్టేయడమే ఎక్కువ. ఆ కారణం మిషన్లో అలాగే ఉండిపోతే కొత్త పిస్టన్ కూడా పాతదాని దారే పడుతుంది. ఈసారి ఖర్చు మీది.

ఇది టూ స్ట్రోక్ ఇంజన్. కారుకీ బైకుకీ ఉన్నట్టు అడుగున ఆయిల్ నిలవుండే చోటు ఇందులో లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కీ, క్రాంకు బేరింగులకీ ఆధారం. కంపెనీ చెప్పిన మంచి టూ స్ట్రోక్ ఆయిలైతే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, మామూలు టూ స్ట్రోక్ ఆయిలైతే 40 మిల్లీలీటర్లు కలపాలి. ఆ పెట్రోలు చాలినంత అందకపోయినా, సీలు పక్కనుంచి గాలి చొరబడినా లోపలికి వెళ్లే ఆయిల్ కూడా తగ్గిపోయినట్టే. నిమిషానికి పదివేల చుట్ల వేగంలో పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్ గోడను పట్టేస్తుంది. దొంగగాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతక్కుండా కొత్త పిస్టన్ తొడిగితే రోగం అలాగే ఉంచి రోగిని మార్చినట్టే.

అందుకని పాత పిస్టన్ చూపించమనండి. కొత్త మిషన్ చూడ్డానికి వెళ్లి పాత ఇనుము అడుగుతాడేమిటని అమ్మేవాడు వింతగా చూస్తాడు. ఫరవాలేదు. ఆ ముక్కలో మిషన్ చరిత్రంతా ఉంటుంది. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువుగా గీతలు పడి ఉంటే ఇంజన్ వేడికి పోయింది: గాలి లీకో, కార్బొరేటర్ ట్యూనింగు తప్పో, ట్యాంకులోని ఫిల్టరు మూసుకుపోవడమో జరిగిందన్నమాట. కార్బొరేటర్ వైపు గరుకుగా, మట్టి రుద్దినట్టు అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము వెళ్లింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం ఒడ్డు సరుగుడు తోటల్లో తిరిగిన మిషన్లలో ఈ రెండో గుర్తు కోసం ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే అక్కడ నేలంతా ఇసుకే. చిరిగిన ఫిల్టరుతో ఒక్క సీజను నడిపితే చాలు. చుట్టూ నాలుగు వైపులా గీతలుంటే ఆయిల్ కలపని ఒట్టి పెట్రోలు పోశారు. పిస్టన్ నెత్తిమీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టినట్టు గుంటలుంటే లోపల బేరింగు ముక్కలో, విరిగిన రింగు ముక్కో తిరిగింది. ఈ చివరి రకం మిషన్లో పిస్టన్ మార్చినంత మాత్రాన సరిపోదు. క్రాంకు విప్పి శుభ్రం చేసి బేరింగులు మార్చినట్టు రుజువు లేకపోతే అక్కడితో లేచి వచ్చేయండి.

ఇంకో మాట. ఇది వింటే చాలామంది ఒప్పుకోరు. "మా తమ్ముడు తెలియక ఒట్టి పెట్రోలు పోసి నడిపాడన్నా, పట్టేసింది" అని సిగ్గుపడుతూ చెప్పేవాడి మిషనే కొనండి. తప్పు మనిషిది, మిషన్‌ది కాదు. బేరింగులు కూడా ఆ దెబ్బకు దెబ్బతిన్నాయేమో ఒకసారి చూసుకుంటే చాలు. "ఏమో, ఊరికే ఆగిపోయింది, చేయించాం, ఇప్పుడు సూపరుగా ఉంది" అనేవాడి మిషన్‌లో కారణం ఇంకా లోపలే కూర్చుని ఉంది. మన జనం సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. తప్పు ఒప్పుకున్నవాణ్ని మోటు మనిషనుకుని వదిలేసి, ఏ తప్పూ జరగలేదన్నవాణ్ని నమ్ముతారు.

తుఫాను మిషన్ల విషయంలో ఇది మరీ నిజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను పడగొట్టినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు రోడ్ల మీద, ఇళ్ల మీద పడిన చెట్లు తీయడానికి రంపాలు తప్పనిసరయ్యాయి. అలాంటి రోజుల్లో మిషన్ ఎవరి చేతికి దొరికితే వాళ్లు పట్టుకుంటారు. ఆయిల్ కొలత చూసే తీరిక ఉండదు. కొబ్బరి మాను చైన్‌ని తొందరగా మొద్దుబారుస్తుంది. మొద్దు చైన్‌తో బలవంతంగా నొక్కి కోస్తే ఇంజన్ ఉడికిపోతుంది. ఆ సేవకి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆ మిషన్‌ని మాత్రం పాత పిస్టన్ చూడకుండా కొనను.

బిల్లు చూపిస్తే కాదనకండి. అందులో పెద్ద అంకెలు చూడకండి, చిన్నవి వెతకండి. పిస్టన్ కిట్టు ధర రాసి ఉండటం గొప్ప కాదు. క్రాంకు ఆయిల్ సీళ్లు రెండు, కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్యనుండే రబ్బరు గొట్టం, పెట్రోలు పైపు, ట్యాంకు ఫిల్టరు, కార్బొరేటర్ డయాఫ్రమ్ కిట్టు: ఈ చవక సామాన్లు బిల్లులో కనిపిస్తే ఆ పని చేసినవాడు కారణం వెతికాడని అర్థం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో నెలల తరబడి వదిలేస్తే పాత రబ్బరునీ డయాఫ్రమ్‌నీ పాడుచేస్తుంది. కాబట్టి పైపు మార్చని రీబిల్డు సగం పనే.

రెండో సలహా మెకానిక్కులకు కోపం తెప్పిస్తుంది. "బోరు చేయించాం" అన్న మాట వినబడగానే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బైకు ప్రపంచంలో బోరు చేయించడం మంచి పనే. పాత బైకుల్లో సిలిండర్ లోపల పోత ఇనుప గొట్టం ఉంటుంది. కొంచెం కోసి పెద్దది చేసి, పెద్ద సైజు పిస్టన్ వేస్తే బండి మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. చైన్ సా సిలిండర్ అలాంటిది కాదు. అది అల్యూమినియం. లోపలి గోడ మీద నికెల్‌తోనో క్రోమ్‌తోనో చాలా పలచని గట్టి పూత ఉంటుంది. పిస్టన్ తిరిగేది ఆ పూత మీద. బోరింగు మిషన్ పెట్టారంటే ఆ పూత లేచిపోయి, కింద మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. అల్యూమినియం మీద అల్యూమినియం పిస్టన్ ఎంతసేపు తిరుగుతుంది? కొందరు ఇనుప స్లీవు దిగ్గొడతారు. దాని వేడి బయటికి సరిగ్గా పోదు, పోర్టుల దగ్గర అంచులు కుదరవు. ఈ ఇంజన్‌కి ఉన్న దారులు రెండే. సిలిండర్ గోడకు అంటిన పాత పిస్టన్ అల్యూమినియాన్ని జాగ్రత్తగా తీసేస్తే కింద పూత చెక్కుచెదరకుండా ఉండాలి, లేదా సిలిండర్ మొత్తం కొత్తది వేయాలి.

బైకు మెకానిక్కుని వెంట తీసుకెళ్లొద్దని నేననేది ఇందుకే. ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చెవి బైకు సౌండుకి అలవాటుపడింది, ఆయన లెక్క ఇనుప బోరు లెక్క. ఆయన బదులు రోజూ చెట్లు కోసే మనిషిని ఒకణ్ని పిలుచుకెళ్లండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ. మిషన్ దుంగలో దిగినప్పుడు ఎక్కడ తడబడుతోందో చేతికి తెలిసేది అతనికే.

ఒక్క లాగుకే స్టార్టయితే సంతోషపడకండి. మీరు వస్తున్నారని తెలిసి పది నిమిషాల ముందే మిషన్ వేడెక్కించి పెట్టి ఉండొచ్చు. వెళ్లగానే ముందు సిలిండర్ పక్క చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకోండి. చల్లటి మిషన్ మూడు నాలుగు లాగులకు అందుకున్నా ఏ తప్పూ లేదు. అసలు పరీక్ష దాని తర్వాత. పెద్ద దుంగ ఒకటి వేయించి గట్టిగా కోయించండి, ఆపేయండి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ లాగండి. కంప్రెషన్ తగ్గిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎలాగోలా లేస్తుంది, వేడిమీద మొండికేస్తుంది.

కంప్రెషన్ గేజి దొరికితే వాడండి. పెద్ద మిషన్లకు డీకంప్రెషన్ బటన్ ఉంటే అది నొక్కి ఉండకుండా చూసుకోవాలి. గేజి ముల్లు పెరగడం ఆగేదాకా లాగితే 150 పీఎస్ఐ దరిదాపుల్లో రావడం ఆరోగ్యం. రింగులు ఇంకా సర్దుకోని కొత్త రీబిల్డులో కొంచెం తక్కువ చూపినా నడిపేకొద్దీ పెరుగుతుంది. 110 దగ్గరే ఆగిపోతే కొనొద్దు. గేజి లేకపోతే స్విచ్ ఆపి, మిషన్‌ని స్టార్టర్ తాడు పిడి పట్టుకుని కాస్త పైకి లేపి వేలాడదీయండి. ఆగి ఆగి, ఒక్కో మెట్టు దిగినట్టు దిగాలి. సర్రున జారిపోతే లోపల పట్టు లేదు. అయితే గేజిని చూసి మురిసిపోవద్దు. గేజి చెప్పేది పిస్టన్ పైభాగం సంగతే. కింద క్రాంకు గది సీలు లీకవుతుంటే గేజిలో మంచి అంకే వస్తుంది, ఇంజన్ మాత్రం నాలుగు రోజుల్లో పట్టేస్తుంది.

ఆ లీకు తెలిసే చోటు వేరు. చైన్ బ్రేకు వేసి, మిషన్‌ని ఐడ్లింగులో ఉంచి, ఒక పక్కకీ ఇంకో పక్కకీ ఒరిగించండి, ముక్కు కిందికి దించండి. ఏ వైపు తిప్పినా ఐడ్లింగు మారకూడదు. ఒక వైపు తిప్పగానే వేగం పెరిగినా, ఆగిపోబోయినా సీలు అనుమానించండి. తర్వాత నేల మీద పెట్టి, బ్రేకు తీసి, ఒకసారి రేజ్ ఇచ్చి వదలండి. వేగం వెంటనే దిగిపోవాలి. పైనే వేలాడి నెమ్మదిగా దిగుతోందంటే గాలి ఎక్కడి నుంచో దొంగదారిన వెళ్తోంది. బాగు చేసేవాడి దగ్గర చేతిపంపు ఉంటే కార్బొరేటర్, సైలెన్సర్ దారులు మూసి క్రాంకు గదిలో గాలి నింపి చూస్తాడు. నింపిన గాలి నిలవాలి. ఆ పరీక్ష చేశామని చెప్పగలిగినవాడు ఇంజన్ చేయడం తెలిసినవాడు.

సౌండు సంగతి. అమ్మేవాడు గాలిలో ఫుల్ రేజ్ ఇస్తాడు. మిషన్ సన్నగా, కీచుమని, ఎక్కడా తడబడకుండా అరుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు "అబ్బో, ఎంత స్మూతు!" అంటారు. భయపడాల్సింది అక్కడే. స్క్రూతో ట్యూనింగు చేసే మామూలు కార్బొరేటర్ ఉన్న మిషన్, దుంగలో పెట్టకుండా ఫుల్ రేజ్ ఇస్తే కొంచెం గరగరమని, కొంచెం తడబడుతున్నట్టు మోగాలి. అంటే పెట్రోలూ ఆయిలూ కాస్త ఎక్కువగానే అందుతున్నాయి. కోతలో దిగగానే ఆ గరగర పోయి స్వరం శుభ్రం కావాలి. గాలిలోనే శుభ్రంగా కీచుమంటోందంటే పెట్రోలు తగ్గించి ట్యూను చేశారు. అమ్మకం రోజు అది హుషారుగా కనిపిస్తుంది, ఆ హుషారే పిస్టన్‌ని తినేస్తుంది. ఎలక్ట్రానిక్ కార్బొరేటర్ ఉన్న ఖరీదైన మోడళ్లకు మాత్రం ఈ చెవి పరీక్ష వర్తించదు. పైగా కొత్త ఇంజన్‌ని మొదటి మూడు ట్యాంకుల వరకూ ఖాళీగా ఫుల్ రేజ్ చేయకూడదని కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. నిన్న చేయించిన ఇంజన్‌ని ఇవాళ గాలిలో అరిపించి చూపేవాడు ఆ ఇంజన్‌ని మీ కళ్లముందే పాడుచేస్తున్నాడు. ఆపమని చెప్పండి, మర్యాద తప్పేమీ కాదు.

నీటుగా కడిగి, పెయింటు కొట్టి, స్టిక్కర్లు అంటించిన మిషన్ కంటే జిడ్డూ పొట్టూ అంటుకున్న మిషన్ నాకిష్టం. జిడ్డు ఎక్కడినుంచి కారుతోందో దాచదు. సిలిండర్ రెక్కల మధ్య మాత్రం పొట్టు గట్టిపడి ఉండకూడదు. గాలి ఆడక ఇంజన్ కాలేది అందువల్లే. సైలెన్సర్ చల్లబడ్డాక రెండు మూడు బోల్టులు విప్పడానికి ఒప్పుకుంటాడేమో అడగండి. ఒప్పుకుంటే లైటు వేసి లోపలికి చూడండి, తాడు మెల్లగా లాగుతూ. పిస్టన్ పక్కలు నున్నగా ఉండాలి. పిస్టన్ నెత్తిమీద బాణం గుర్తుంటే అది సైలెన్సర్ వైపు చూడాలి. తిరగేసి బిగించిన పిస్టన్‌లో రింగు కొస పోర్టుకి తగిలి విరుగుతుంది. ప్లగ్గు విప్పి తాడు లాగినప్పుడు ఇంజన్ మెత్తగా తిరగాలి. గరుకు తగిలితే బేరింగులు పోయాయి.

మిషన్ మీద రాసిన సీసీ చూసి ధర ఒప్పుకోకండి. పేరులేని మిషన్ల మీద 58, 62 అని రాసి ఉన్నంత మాత్రాన లోపల అంత ఉండదు. బోరు వెడల్పుని బోరుతోనే హెచ్చవేసి, దాన్ని స్ట్రోకు పొడవుతో, ఆ వచ్చినదాన్ని 0.785తో హెచ్చవేయండి. సెంటీమీటర్లలో లెక్క కడితే సీసీ వస్తుంది. స్టిల్ ఎంఎస్ 381కి బోరు 52 మిల్లీమీటర్లు, స్ట్రోకు 34. లెక్క వేస్తే 72.2 సీసీ, కంపెనీ చెప్పేదీ అదే. చిన్నది ఎంఎస్ 180 కి 38, 28: అది 31.8. పేరున్న మోడళ్లకు నకళ్లు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. నకలు సిలిండర్ వేసిన అసలు మిషన్‌కి అసలు ధర ఇవ్వకండి. కంపెనీ పిస్టన్, సిలిండర్ వేసినా సరే, అదే మోడల్ కొత్తదాని ధరలో సగం దాటితే నేను కొనమని చెప్పను. బార్ పట్టాలు అరిగి ఉంటే, చైన్ పళ్లు 4 మిల్లీమీటర్లకు వచ్చేసి ఉంటే, స్ప్రాకెట్‌లో గాడి పడి ఉంటే ఆ మూడింటి ఖరీదు కూడా ఆ సగంలోంచి తీసేయండి. బార్ ముక్కుని తెల్లటి చెక్క ముందు పట్టి రేజ్ ఇస్తే ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఆయిల్ పంపు ఖర్చు కూడా తీసేయండి.

ఇంజన్ గురించి ఇంత చెప్పాక ఒకటి చెప్పాలి: ఇంజన్ కంటే ముందు చూడాల్సింది చైన్ బ్రేకు. మనవాళ్లు ఆఖరున కూడా చూడరు. చైన్ సెకనుకు 20 మీటర్ల దరిదాపు వేగంతో తిరుగుతుంది. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ రెప్పపాటులో మొహం మీదకు ఎగురుతుంది. అప్పుడు మనిషికి అడ్డం పడేది ఆ బ్రేకే. మిషన్‌ని నేల మీద గట్టిగా పట్టుకుని ఒక్క క్షణం ఫుల్ రేజ్ ఇచ్చి, చేయి వదలకుండా ఎడమ మణికట్టుతో ముందున్న గార్డుని నెట్టాలి. చైన్ టక్కున నిలబడాలి. తర్వాత ఇంజన్ ఆపి, బ్రేకు వెనక్కి లాగి, వెనక పిడి పట్టుకుని బార్ ముక్కుని మోకాలెత్తు నుంచి మొద్దు మీద పడనివ్వాలి. ఆ కుదుపుకి బ్రేకు దానంతటదే పడాలి. ఐడ్లింగులో చైన్ కదలకూడదు, పై లివరు నొక్కకుండా యాక్సిలరేటర్ నొక్కబడకూడదు. ముందు గార్డు విరిగిపోయిందని తీసేసి నడుపుతున్న మిషన్లు ఉన్నాయి. "అడ్డంగా ఉందని తీసేశాం, పనికి ఏం ఇబ్బంది లేదు" అంటారు.

బ్రేకు పనిచేయని రంపం, ఇంజన్ ఎంత బాగున్నా, ఉచితంగా ఇస్తామన్నా తెచ్చుకోకండి.